తాళంచెవి లేని ఖజానా పెద్ద: ఫ్రాన్సు ఆర్థిక పర్యవేక్షక పదవి, ఫూకే పతనం

పధ్నాలుగో లూయీ 1661లో తన ఆర్థిక పర్యవేక్షకుడు నికొలా ఫూకేను అరెస్టు చేయించిన ఉదంతం చదివి మీరు మూడు ప్రశ్నలు అడిగారు. ఆయన నిజంగా ఖజానాను దోచుకున్నాడా? ఒక ఉద్యోగి చేతికి అంత సొమ్ము ఎలా చిక్కింది? మనిషిని మార్చితే సరిపోయేదానికి పదవినే ఎందుకు రద్దు చేశారు? నేను రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు తెలియకుండా మొదటిదానికి ఏం చెప్పినా అది అభిప్రాయమే అవుతుంది. నా ఉద్యోగమంతా ఖజానా శాఖలో బిల్లుల మధ్య గడిచింది కాబట్టి ఫూకే కథలో అందరూ చెప్పుకునే కోట, తోట, విందు కంటే ముందు నా కన్ను కాగితాల మీదికి పోతుంది. ఈ వ్యవహారంలో అసలు సంగతి కూడా అక్కడే ఉందని నా నమ్మకం.

ముందుగా గమనించవలసింది, ఆర్థిక పర్యవేక్షకుడి దగ్గర ఖజానా తాళంచెవులు లేవు. మన దగ్గర ఖర్చు మంజూరు చేసే అధికారి వేరు, సొమ్ము చెల్లించే ఖజానా వేరు అయినట్టే ఆనాటి ఫ్రాన్సులోనూ ఉత్తర్వు ఇచ్చేవాడు ఒకడు, డబ్బు పుచ్చుకుని చెల్లించి లెక్క చెప్పేవాడు ఇంకొకడు. మొదటి ఫ్రాన్స్వా రాజు 1523లో స్థాపించిన కేంద్ర ఖజానాకు ఫూకే కాలానికి ముగ్గురు కోశాధికారులు ఉండేవారు. వారు వంతుల వారీగా ఒక్కొక్కరు ఒక్కొక్క సంవత్సరం పని చూసేవారు. ఆ ముగ్గురూ తమ ఉద్యోగాలను డబ్బు పెట్టి కొనుక్కున్నవారే. అందులో వింతేమీ లేదు, ఆ రాజ్యంలో న్యాయమూర్తి పదవి మొదలు చిన్నపాటి గుమాస్తా పని దాకా చాలా ఉద్యోగాలు అమ్మకానికి ఉండేవి. 1604 నుంచి ఉద్యోగం విలువలో అరవయ్యో వంతు ఏటా రాజుకు కడితే దాన్ని వారసులకు కూడా దక్కించుకోవచ్చు. ఆర్థిక పర్యవేక్షకుడి పదవి మాత్రం కొనేది కాదు, రాజు ఇష్టపడి ఇచ్చేది, ఒక్క ఉత్తరంతో తీసేయగలిగేది. కోశాధికారులు తమ లెక్కలను లెక్కల న్యాయస్థానం ముందు పెట్టి ఆమోదం పొందాలి. సంతకంతో డబ్బును నడిపించే పర్యవేక్షకుడు మాత్రం ఆ న్యాయస్థానానికి జవాబుదారీ కాడు, రాజుకు తప్ప ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడికో, లెక్కల జోలికి పోని రాజుకో లెక్క చెప్పడమంటే ఎవరికీ చెప్పకపోవడమేనని వేరే చెప్పాలా?

ఇటువంటి కుర్చీలో కూర్చున్నవాళ్ళు క్షేమంగా దిగిన సందర్భాలు తక్కువే. ఫ్రాన్స్వా రాజు ఆర్థిక వ్యవహారాలు నడిపిన సాంబ్లాన్సే అనే వృద్ధుణ్ణి 1527లో పారిస్ శివార్లలోని మోంఫోకోన్ ఉరికంబం మీద వేలాడదీశారు. నాలుగో హెన్రీ కాలంలో సుల్లీ అప్పులు తగ్గించి, బస్తీల్ కోటలో నగదు నిల్వ చేసి మంచి పేరు తెచ్చుకున్నాడు గానీ, రాజు హత్యకు గురైన మరుసటి ఏడు, 1611లో, ఆయనా తప్పుకోవలసి వచ్చింది. లా వ్యూవీల్ 1624లో పదవి పోగొట్టుకుని జైలుకు వెళ్ళాడు, అక్కణ్ణుంచి తప్పించుకుపోయాడు, పాతికేళ్ళ పైన గడిచాక 1651లో మళ్ళీ అదే పదవిలోకి వచ్చి అందులో ఉండగానే కన్నుమూశాడు. ఖాళీ అయిన ఆ స్థానంలోకే 1653 ఫిబ్రవరిలో ఫూకే, సెర్వియాఁ అనే పెద్దాయన జంటగా వచ్చారు. 1654 చివర్లో పనులు పంచినప్పుడు ఖర్చుల మంజూరు సెర్వియాఁకూ, డబ్బు ఎక్కణ్ణుంచైనా తెచ్చే బాధ్యత ఫూకేకూ దక్కాయి. 1659లో సెర్వియాఁ చనిపోయాక ఫూకే ఒక్కడే మిగిలాడు.

ఇక కాగితం సంగతి. ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు నేను అర్థమవడానికి వేసుకున్నవి, పద్ధతి మాత్రం ఆనాటిది. సైన్యానికి గోధుమలు సరఫరా చేసిన వర్తకుడికి రాజు ఆనాటి ఫ్రెంచి ద్రవ్యంలో లక్ష లీవ్రులు బాకీ ఉన్నాడనుకోండి. పర్యవేక్షకుడు చెల్లింపు ఉత్తర్వు మీద సంతకం చేస్తాడు. వర్తకుడు దాన్ని పట్టుకుని ఆ ఏటి కోశాధికారి దగ్గరికి వెళతాడు. ఖజానాలో నగదు ఉండదు, ఉన్నా అతనికి ఇవ్వరు. దానికి బదులు ఫలానా ప్రాంతపు భూమి పన్ను నుంచో, ఉప్పు పన్ను ఇజారా నుంచో లక్ష లీవ్రులు పుచ్చుకోవలసిందని రాసిన ఒక ఖజానా చీటీ ఇస్తారు. గోల్కొండ రాజ్యంలో పన్నుల వసూలును వేలంవేసి ఇజారాకు ఇచ్చిన సంగతి తెలిసిన మన పాఠకులకు ఇందులో కొత్తేమీ ఉండదు. ఫ్రాన్సులోనూ వసూలు చేసేవాడు ప్రభుత్వ ఉద్యోగి కాడు, ముందుగా కొంత సొమ్ము రాజుకు చెల్లించి తరువాత జనం దగ్గర రాబట్టుకునే ఇజారాదారు. వర్తకుడు చీటీతో ఆ ఇజారాదారు గుమ్మం ఎక్కేసరికి, ఆ పన్ను మీద వచ్చే మూడేళ్ళ రాబడి ఇంతకుముందే మరెవరికో రాసిచ్చేశారని తెలుస్తుంది. చేతిలో చీటీ ఉంది గానీ దాని వెనక డబ్బు లేదు.

ఇక్కడే పర్యవేక్షకుడి సంతకానికి రెండో విలువ పుడుతుంది. వట్టిపోయిన చీటీని మళ్ళీ ఆయన దగ్గరికి తీసుకువెళితే, దాన్ని రాబడి ఉన్న మరో పన్ను మీదికి మార్చమని ఆయన రాయవచ్చు, రాయకపోవచ్చు. గోధుమల వర్తకుడికి ఆయన దర్శనం దొరకదు. విసిగిపోయి ఆ లక్ష చీటీని పదివేలకో, అంతకన్నా తక్కువకో అమ్ముకుంటాడు. కొనేవాడు ఎవరు? పర్యవేక్షకుడి గదిలోకి వెళ్ళగలిగే ఇజారాదారే. అతను రేపు రాజుకు అప్పు ఇచ్చే సందర్భంలో, తాను కారుచౌకగా కొన్న పాత చీటీలను పూర్తి ముఖవిలువకు కొత్త పన్ను మీదికి మార్చాలని షరతు పెడతాడు. రాజుకు తక్షణం నగదు కావాలి, యుద్ధభూమిలో సైనికుడికి జీతం లేదు, కాబట్టి షరతుకు ఒప్పుకుంటారు. లక్షకు తొంభై వేల లాభం ఎవరి జేబులోకి పోయిందో ఏ పుస్తకంలోనూ కనిపించదు, ఎందుకంటే లెక్కల న్యాయస్థానం ముందుకు వెళ్ళే కాగితంలో లక్ష బాకీ ఉంది, లక్ష చెల్లించారు, రెండు వైపులా సరిపోయింది. బిల్లులు చూసే ఉద్యోగంలో జీవితం గడిపినవాడికి, ఎక్కడా పొల్లుపోకుండా సరిపోయిన లెక్క ఎంత అనుమానం కలిగించగలదో తెలుసు.

వడ్డీ విషయంలో కూడా ఇదే నాటకం. చట్టం ప్రకారం పద్దెనిమిదో వంతుకు, అంటే నూటికి ఐదున్నర చిల్లరకు మించి వడ్డీ లెక్కల్లో చూపకూడదు. ఆ రేటుకు ఫ్రాన్సు రాజుకు అప్పు ఇచ్చే పిచ్చివాడు పారిస్‌లో ఒక్కడూ లేడు. అసలు రేటు దానికి రెండు మూడు రెట్లు ఉండేది. ఆ తేడాను పూడ్చడానికి రహస్య చెల్లింపుల ఉత్తర్వులు వాడేవారు. రాజు స్వయంగా ఎరిగిన ఖర్చు కాబట్టి వివరం అడగరాదని రాసిన ఆ కాగితాలు నిజానికి గూఢచారుల కోసం, రాయబారాల కోసం పుట్టినవి. ఫూకే నాటికి అధిక వడ్డీని దాచే ముసుగుగానే అవి ఎక్కువ ఉపయోగపడుతున్నాయి. అంటే పదవిలో ఉన్నవాడు ఎంత నిజాయితీపరుడైనా, పని జరగాలంటే రోజూ తప్పుడు కాగితం మీద సంతకం చేయవలసిందే.

ఇంతకీ రాజు అంత వడ్డీకి ఎందుకు అప్పు చేయవలసి వచ్చింది? స్పెయిన్‌తో యుద్ధం 1635లో మొదలై 1659 దాకా సాగింది. మధ్యలో, 1648 జూలైలో, పారిస్ తిరుగుబాటు వేడిలో ప్రభుత్వం ఇజారాదారులతో చేసుకున్న ఒప్పందాలను రద్దు చేసింది, అప్పులు తిరిగి చెల్లించడం ఆపేసింది. సూటిగా చెప్పాలంటే రాజు దివాలా తీశాడు. ఆ దెబ్బతో పధ్నాలుగో లూయీ మాట మీద అప్పు పుట్టడం దాదాపు ఆగిపోయింది. కానీ నికొలా ఫూకే మాట మీద పుడుతుంది. ఆయన డబ్బున్న న్యాయవాద కుటుంబంలో పుట్టాడు, 1650 నుంచి పారిస్ ఉన్నత న్యాయస్థానంలో రాజు తరఫు ప్రధాన న్యాయవాది, రెండో పెళ్ళితో కోశాధికారుల బంధువర్గంలోకి చేరాడు. ఋణదాతలు రాజుకు కాదు, ఫూకేకు అప్పు ఇచ్చేవారు. ఆయన తన పేర రాసిన హామీ పత్రాలు తీసుకునేవారు. ఆ సొమ్ము ఆయన రాజుకు అందించేవాడు. 1656లో వాలాన్సియెన్ దగ్గర ఫ్రెంచి సైన్యం ఓడిపోయి ప్రధానమంత్రి మజారిన్ గగ్గోలు పెడుతుంటే, ఫూకే తన పేరు మీదా, తనవాళ్ళ పేర్ల మీదా తొమ్మిది లక్షల లీవ్రులు కొద్ది రోజుల్లోనే పోగుచేసి పంపాడు. రాజు పరువు వట్టిపోయిన చోట ఉద్యోగి పరువు చెల్లింది. ఫూకే వ్యవహారమంతటికీ నేను కీలకంగా భావించేది ఈ ఒక్క విషయాన్నే. అటువంటి ఏర్పాటులో ప్రభుత్వ సొమ్ము ఎక్కడ ముగిసి సొంత సొమ్ము ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం ఎవరి తరమూ కాదు. ఆడంబరం కూడా అందులో భాగమే. అప్పిచ్చేవాడికి ధైర్యం కలగాలంటే అప్పు తీసుకునేవాడు సంపన్నుడిగా కనపడాలి. వో-ల్-వికోంత్‌లో కట్టిన ఆ కోట ఆయన విలాసమే కాదు, ఆయన హామీ పత్రాలకు గోడలతో చేసిన ప్రకటన కూడా.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఫూకే చేతులు శుభ్రంగా ఉన్నాయని నేను అనను. ఉప్పు పన్ను ఇజారాదారుల నుంచి ఏటా 1,20,000 లీవ్రుల పింఛను రాబట్టుకున్నాడన్నది ఆయన మీద వచ్చిన ముఖ్య ఆరోపణల్లో ఒకటి. బినామీ పేర్లతో ఇజారాల్లో వాటాలు పెట్టుకున్నాడన్నది మరొకటి. వీటిలో బలం ఉంది. అయితే అరెస్టు తరువాత లెక్క తీస్తే ఆయన ఆస్తి సుమారు ఒకటిన్నర కోట్ల లీవ్రులు, అప్పులు కూడా ఇంచుమించు అంతే. ఎనిమిదేళ్ళు ఖజానాను కొల్లగొట్టినవాడి చేతిలో నికరంగా మిగిలింది సున్న. ఈ అంకెను మజారిన్ అంకె పక్కన పెట్టి చూడండి. 1661 మార్చి 9న చనిపోయేనాటికి ఆ ప్రధానమంత్రి ఆస్తి దాదాపు మూడున్నర కోట్లు, అందులో పెద్ద మొత్తం నగదే. తిరుగుబాటు ముగిసేనాటికి ఆయన దాదాపు ఉన్నదంతా పోగొట్టుకున్నవాడు. తరువాతి ఎనిమిదేళ్ళలోనే, మనుషులను అడ్డుపెట్టుకుని సైన్యానికి సరఫరాలు చేయిస్తూ ఇదంతా గడించాడు. తన ఆస్తుల జాబితా ఎవరూ తయారు చేయరాదని వీలునామాలో రాయించాడు కూడా. ఆ ఆస్తిని దగ్గరుండి చూసుకున్న దివాను పేరు జాఁ-బాతిస్త్ కోల్బేర్. ఫూకే మీద అవినీతి ఆరోపణలు పోగుచేసి రాజు ముందు పెట్టినవాడూ ఆయనే. కోల్బేర్ 1659 అక్టోబరులోనే ఇజారాదారుల మీద ప్రత్యేక న్యాయస్థానం వేయాలని మజారిన్‌కు ఉత్తరం రాశాడు. దాని నకలు దారిలోనే తపాలా అధికారి ద్వారా ఫూకేకు చేరిపోయింది. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి బాగా తెలుసు.

1661 ఆగస్టు 17న ఫూకే వో కోటలో ఇచ్చిన విందు చూసి రాజు అసూయతో రగిలిపోయి అరెస్టుకు పూనుకున్నాడని చెప్పే కథ అందరికీ నచ్చుతుంది గానీ, నిర్ణయం అంతకు నెలల ముందే అయిపోయింది. దానికి రుజువు కాగితాల్లోనే ఉంది. ప్రధాన న్యాయవాది పదవిలో ఉన్నంతకాలం ఫూకేను పారిస్ ఉన్నత న్యాయస్థానం తప్ప మరొకరు విచారించలేరు. ఆ పదవిని వదులుకుంటే రాజుకు సంతోషమని నమ్మించి దాన్ని అమ్మించారు. పధ్నాలుగు లక్షల లీవ్రులు వచ్చాయి, అందులో పది లక్షలు ఆయన రాజుకే సమర్పించుకున్నాడు. కవచం పోయాక సెప్టెంబరు 5న నాంత్ నగరంలో, రాజు ఇరవైమూడో పుట్టినరోజున, దార్తన్యాఁ అనే సైనికాధికారి ఆయన్ను పట్టుకున్నాడు. సాఁ-మాందేలోని ఇంటిని సోదా చేస్తే అద్దం వెనక ఒక కాగితం దొరికింది. తనను ఖైదు చేస్తే మిత్రులు ఏ కోటలో చేరాలో, ఎవరెవరు ఏం చేయాలో కొన్నేళ్ళ కింద రాసుకున్న పథకం అది. దాని మూలంగా అవినీతి కేసుకు రాజద్రోహం కూడా తోడైంది.

విచారణ గురించి క్లుప్తంగా చెబుతాను. ప్రత్యేక న్యాయస్థానానికి న్యాయమూర్తులను ఏరికోరి వేశారు, ముద్దాయి కాగితాలు కొన్ని తీసుకుపోయారు, ఖజానా పుస్తకాల నుంచి తీసిన నకళ్ళలో తప్పుడు రాతలు బయటపడ్డాయి. ఫూకే తన వాదన తానే వినిపించుకున్నాడు. రాజద్రోహం మాట వచ్చినప్పుడు, ఉన్నత పదవిలో ఉండి శత్రువుల పక్షాన చేరి, అల్లుడి చేత వంతెన తెరిపించి వాళ్ళకు దారి ఇవ్వడం రాజద్రోహమని జవాబిచ్చాడు. తిరుగుబాటు రోజుల్లో సరిగ్గా ఆ పని చేసిన సెగియే, రాజ్య న్యాయవ్యవస్థకు పెద్ద అయిన ఛాన్సలర్, అప్పుడు అధ్యక్ష పీఠంలో కూర్చుని ఉన్నాడు. 1664 డిసెంబరులో ఇరవైరెండు మంది న్యాయమూర్తుల్లో తొమ్మిది మంది మరణశిక్ష కోరితే, పదముగ్గురు దేశబహిష్కారంతో సరిపెట్టారు. రాజు తన క్షమాధికారాన్ని ఉపయోగించి శిక్షను పెంచాడు. బహిష్కారం యావజ్జీవ ఖైదుగా మారింది. ఫూకే ఆల్ప్స్ పర్వతాల అంచున పిన్యెరోల్ కోటలో పదిహేనేళ్ళు ఉండి 1680లో చనిపోయాడు. బహిష్కారానికి మొగ్గు చూపిన విచారణాధికారి ఓర్మెసోఁకు ఆ తరువాత ఏ పదవీ రాలేదు.

మూడో ప్రశ్నకు వస్తే, అరెస్టయిన పది రోజులకే, 1661 సెప్టెంబరు 15న పర్యవేక్షక పదవిని ఎత్తేశారు. ఫూకే స్థానంలో కోల్బేర్‌ను కూర్చోబెడితే రాజుకు ఇబ్బంది ఏమిటి? ఇబ్బంది పైన చెప్పిన సంతకమే. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా చీటీ మార్చే అధికారం, తన పేర అప్పు పుట్టించే అవసరం రెండూ ఉంటాయి, నాలుగేళ్ళకు అతనూ రాజు కంటే నమ్మదగినవాడు అవుతాడు. లూయీ ఖర్చు ఉత్తర్వుల మీద సంతకం చేసే పనిని తానే తీసుకున్నాడు. చుట్టూ ఆర్థిక మండలిని వేసి దానికి గౌరవాధ్యక్షుడిగా తన చిన్ననాటి సంరక్షకుడు విల్రోయ్‌ను పెట్టాడు, పని చేసేది మాత్రం కోల్బేర్. ఆయన మూడు పుస్తకాలు తెరిచాడు. మంజూరైన ప్రతి ఉత్తర్వునూ తేదీవారీగా ఎక్కించే చిట్టా ఒకటి, ఏ రాబడి ఎంత, దాని మీద ఇప్పటికే ఎంత రాసిచ్చారు అని చూపేది ఒకటి, ఖర్చుల పద్దు ఒకటి. రాబడి పుస్తకాన్ని ఖర్చు పుస్తకంతో సరిచూస్తే తప్ప కొత్త చీటీ పుట్టకూడదన్నది ఇందులోని ఉద్దేశం. ఏ చిన్న ట్రెజరీ గుమాస్తాకైనా ఇది సామాన్యంగా కనిపిస్తుంది, కానీ అప్పటిదాకా ఒకే రాబడిని ముగ్గురికి రాసిచ్చినా పట్టుకునే పుస్తకం లేదు. వీటి సారాంశాన్ని ఏటేటా అందమైన దస్తూరీతో జేబులో పట్టే చిన్న పుస్తకంగా రాయించి, ఎర్ర తోలు అట్ట వేయించి రాజుకు ఇచ్చేవాడు. రహస్య చెల్లింపుల ఉత్తర్వులు మాత్రం పోలేదు. రాజు చేతికి వచ్చాయి, అంతే. కోల్బేర్‌కు 1665లో ప్రధాన ఆర్థిక నియంత్రకుడనే పదవి దక్కింది, దానికి సొంతంగా మంజూరు చేసే అధికారం లేదు.

అంతటితో వ్యవస్థ శుభ్రపడిందని అనుకోకండి. ప్రత్యేక న్యాయస్థానం ఇజారాదారుల మీద పదిహేను కోట్ల లీవ్రులకు పైగా జరిమానాలు వేసింది, దాన్ని కొందరు న్యాయమంటారు, నేను మర్యాదగా మరోసారి దివాలా తీయడమంటాను. కొత్త ఇజారాల్లో కోల్బేర్ బంధువులూ, ఆయన మనుషులూ చేరారు. పాత అప్పులు కొట్టివేయడం, యుద్ధం లేకపోవడం అనే రెండు ఊరటల మధ్య పదేళ్ళపాటు ఖజానా కళకళలాడింది. 1664లో ఈస్టిండియా కంపెనీ పెట్టడానికి డబ్బు దొరికింది ఆ ఊరటలోనే. గోల్కొండ సుల్తాను ఫర్మానా పుచ్చుకుని 1669లో మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్ళు కొట్టు తెరిచారంటే, ఆ గొలుసు మొదటి కొస ఫూకే కేసులో ఉంది. 1672లో హాలండు మీద యుద్ధం మొదలయ్యేసరికి మళ్ళీ ఉద్యోగాలు అమ్మారు, మళ్ళీ ఇజారాదారుల దగ్గర బయానాలు పుచ్చుకున్నారు. 1674లో కోల్బేర్ ఒక అప్పుల కార్యాలయం తెరిచాడు. జనం అక్కడ నూటికి ఐదు వడ్డీకి సొమ్ము దాచుకోవచ్చు, ఎప్పుడు అడిగితే అప్పుడు తిరిగి తీసుకోవచ్చు. రాజు మాట మీద నేరుగా జనం దగ్గర అప్పు పుట్టించే ప్రయత్నం అది. కోల్బేర్ ఉన్నన్నాళ్ళు అది నడిచింది. ఆయన 1683లో చనిపోయిన కొద్ది కాలానికే, ఆయన తరువాత వచ్చినవాడు దాన్ని మూసేశాడు.